ఒక్క వాక్యం అదనంగా రాయమన్నారు

2024 జూలై చివరి ఆదివారం సాయంత్రం నెల్లూరు ట్రంకు రోడ్డులోని ఒక పెద్ద బట్టల షాపు గుమ్మం దగ్గర నేను అక్కడి సెక్యూరిటీ గార్డును రెండు చేతులతో తోశాను. ఆయన వెనక్కి తూలి, స్టీలు రెయిలింగుకు తగిలి, కుడి చేయి కింద పెట్టి పడిపోయారు. ఆ రోజు నుంచి ఏడు నెలలకు పైగా నేను పోలీసు కాగితాల్లోనూ కోర్టు కాగితాల్లోనూ ‘ఎ1’గా, అంటే మొదటి నిందితురాలిగా ఉన్నాను. తోయలేదని నేను ఎక్కడా చెప్పలేదు, ఇక్కడా చెప్పను. ఏ పరిస్థితిలో తోశాను, ఆ తర్వాత ఏమేమి జరిగింది, అందులో నాకు ముందుగా తెలియనివి ఏమిటి అన్నది వీలైనంత వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఆ రాత్రి స్టేషన్‌లో కూర్చున్నప్పుడు ఇలాంటిది ఒక్కటి చదివి ఉన్నా నాకు అంత భయం ఉండేది కాదు.

నేను కోవూరు దగ్గర ఒక పల్లెలో పంతొమ్మిదేళ్లుగా ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిని. శ్రావణంలో మా చెల్లెలి కూతురికి ఓణీల పండుగ పెట్టుకున్నారు. ఆషాఢం తగ్గింపు ధరలు ముగిసేలోగా పెద్దమ్మవారి తరఫు బట్టలు కొనాలని మా వారు, పదో తరగతి చదివే మా అమ్మాయి, నేను పెన్నా వంతెన దాటి నెల్లూరు వెళ్లాము. రొట్టెల పండుగ జనం తిరిగి వెళ్లి వారమైనా, బజారులో కాలు పెట్టే చోటు లేదు. ఆ షాపులో 3,850 రూపాయలకు ఒక లంగా ఓణీ తీసుకుని, బిల్లు కట్టి, దాని మీద ముద్ర వేయించుకుని కిందికి దిగాము. ఆటో మాట్లాడటానికి మా వారు ముందుగా బయటకు వెళ్లారు.

మా అమ్మాయి ఒక చేత్తో షాపువారి సంచి పట్టుకుని, భుజానికి తన బ్యాగు తగిలించుకుని నాకంటే నాలుగడుగులు ముందు నడుస్తోంది. గుమ్మానికి రెండు పక్కలా నిలబెట్టిన తెల్లటి చట్రాల మధ్య అడుగు పెట్టగానే అలారం మోగింది. గార్డు ఆమెను ఆపి, షాపు సంచి తీసుకుని పక్కన పెట్టి, “ఆ బ్యాగు కూడా ఇట్టా తే పాపా” అన్నారు. ఆడపిల్ల బ్యాగులో నలుగురి ముందు తీసి చూపించలేనివి కొన్ని ఉంటాయి. ఆమె ఇవ్వకుండా వెనక్కి తగ్గింది. అప్పుడు ఆయన ఆ బ్యాగు పట్టీని పట్టుకున్నారు. నేను జనంలోంచి చేరుకుని బిల్లు చూపిస్తూ, బ్యాగు వదలమని, కావాలంటే లేడీ గార్డును పిలవమని చెప్పాను. ఆయన “బిల్లు సంగతి తర్వాత, ముందు బ్యాగు” అన్నారు. వెనుక వరుసలో ఎవరో “చదువుకున్నోళ్లే ఇట్టా చేస్తుండారు” అన్న మాట నాకు స్పష్టంగా వినిపించింది. మా అమ్మాయి ఏడుస్తోంది. తర్వాత క్షణం ఆయన నేల మీద ఉన్నారు, నా రెండు అరచేతుల్లో ఆయన యూనిఫారం చొక్కా గుడ్డ తగిలిన స్పర్శ ఇంకా ఉంది.

అలారం ఎందుకు మోగిందో రెండు నిమిషాల్లోనే తేలింది. ఓణీ అంచు మడతలో బూడిద రంగు ప్లాస్టిక్ ట్యాగు ఒకటి పిన్నుతో అలాగే ఉండిపోయింది. బిల్లింగ్ కౌంటరులో దాన్ని తీయడం మరిచిపోయారు. మేనేజరు దాన్ని తీయించి సంచి మా చేతికిచ్చారు. కానీ అప్పటికే ఎవరో 112కు ఫోను చేశారు, గార్డు మణికట్టు వాస్తోంది, పదిహేను నిమిషాల్లో పోలీసులు వచ్చారు. ట్యాగు విషయంలో తప్పు షాపుదే అయినంత మాత్రాన నేను తోయడం తోయడం కాకుండా పోదని, ఈ రెండూ చట్టం దృష్టిలో వేర్వేరు సంగతులని నాకు అప్పుడు తట్టలేదు. బిల్లు చూపిస్తే అంతా అయిపోతుందనుకుని మహిళా కానిస్టేబుల్ వెంట స్టేషన్‌కు వెళ్లాము.

స్టేషన్ గోడకు పాత సెక్షన్లు ఒక వైపు, కొత్త సెక్షన్లు మరొక వైపు ముద్రించిన పెద్ద పట్టిక అంటించి ఉంది. పాత ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత జూలై 1 నుంచి అమల్లోకి వచ్చి అప్పటికి నెల కూడా నిండలేదు. రైటరు గారు లేచి వెళ్లి 323 మీద వేలు పెట్టి, అడ్డంగా జరిపి 115(2) దగ్గర ఆపారు. మళ్లీ 341 మీద పెట్టి 126(2) దగ్గర ఆపారు. నా మీద పడబోయే సెక్షన్లు అవేనని ఆ వేలు కదలికను చూసి అర్థం చేసుకున్నాను.

ఆ రెండింటి సంగతి వకీలు గారు తర్వాత విడమరిచి చెప్పారు. 115(2) అంటే ఉద్దేశపూర్వకంగా గాయపరచడం. దానికి ఏడాది వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అది నాన్-కాగ్నిజబుల్ నేరం, అంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టకూడదు. 126(2) అంటే అక్రమంగా అడ్డగించడం. దాని శిక్ష ఇంకా చిన్నది, నెల రోజుల వరకు సాధారణ జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కానీ అది కాగ్నిజబుల్. ఒక ఫిర్యాదులో ఒక్క కాగ్నిజబుల్ నేరం ఉన్నా మొత్తం కేసు కాగ్నిజబుల్ అవుతుంది. కాబట్టి ఫిర్యాదులో “నన్ను కదలకుండా అడ్డగించి” అన్న మూడు మాటలు ఉంటే చాలు, ఎఫ్ఐఆర్ కట్టడానికి దారి ఏర్పడుతుంది. గార్డు పేరిట ఇచ్చిన ఫిర్యాదులో ఆ మాటలు ఉన్నాయి. నేను గుండెల మీద కొట్టానని, పడిపోయాక కాలితో తన్నానని కూడా ఉంది. ఆ ఫిర్యాదును ఆయన రాయలేదు, వాచిన కుడి చేతితో రాయలేరు. షాపు తరఫున వచ్చిన ఒకతను రాస్తుంటే ఆయన బల్ల చివర, చేయి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

ఆ రాత్రి నన్ను నిజంగా భయపెట్టింది సెక్షన్లు కాదు, ఎక్స్‌రే. ఆయనను మెడికో లీగల్ కేసుగా దర్గామిట్టలోని పెద్దాసుపత్రికి పంపారు. ఎముక విరిగితే అది తీవ్ర గాయం అవుతుందని, అప్పుడు సెక్షను 117(2)కు మారుతుందని, దానికి ఏడేళ్ల వరకు శిక్ష ఉందని స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర నిలబడిన ఒకాయన మా వారికి చెప్పారు. అడగకుండానే చెప్పినా ఆ మాట నిజమే. నేను తోసిన బలం అదే, ఆయన పడిన తీరు అదే, కానీ ఒక సన్నటి ఎముక నిలిచిందా లేదా అన్నదాన్ని బట్టి నేరం పేరే మారిపోతుంది. మరుసటి ఉదయం మణికట్టు బెణికిందే తప్ప విరగలేదని తెలిసినప్పుడు నాకు ప్రాణం కుదుటపడింది. నా కేసు కోసం కుదుటపడిందా, ఆ మనిషి కోసమా అని ఆ రోజే నన్ను నేను ప్రశ్నించుకున్నాను. రెండింటి కోసం, కానీ ముందు నా కోసమే.

ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప, సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు స్త్రీని అరెస్టు చేయకూడదన్న నిబంధన ఉంది. అసలు ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయవద్దని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులోనే చెప్పింది. నాకు సోమవారం ఇచ్చింది పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత సెక్షను 35(3) కింద నోటీసు. స్టేషన్‌లో అందరూ ఇప్పటికీ పాత అలవాటు ప్రకారం దాన్ని ‘41ఎ నోటీసు’ అనే అంటున్నారు. పిలిచినప్పుడు రావాలి, దర్యాప్తుకు సహకరించాలి, సాక్షులను బెదిరించకూడదు, ఫిర్యాదుదారుతో ఈ విషయమై మాట్లాడకూడదు అని అందులో ఉంది. దాని మీద సంతకం పెడుతున్నప్పుడు నా చేయి వణికింది. ప్రతి రోజూ పిల్లల హాజరు పట్టీలో పెట్టే సంతకమే అది.

ఇక్కడ నేను అసలు చెప్పదలచుకున్న విషయానికి వస్తాను. ఆ ఆదివారం రాత్రే నేను కూడా తెల్ల కాగితం మీద ఒక ఫిర్యాదు రాసి ఇచ్చాను. అలారం మోగిన సంగతి, బిల్లు చూపించిన సంగతి రాసి, ‘గార్డు మా అమ్మాయి భుజానికి ఉన్న బ్యాగు పట్టీ పట్టుకుని లాగుతూ కదలనివ్వకుండా ఆపాడు, అతను లాగుతుండగా నేను అతన్ని తోశాను’ అని ముగించాను. దాని మీద స్టేషన్‌లో వెంటనే ఏమీ చేయలేదు. మంగళవారం సాయంత్రం మా ఇంటికి మా పెద్ద బావగారు, ఆయనతో పాటు స్టేషన్ పనులు చక్కబెడతారని పేరున్న ఒక పెద్దమనిషి వచ్చారు. నా ఫిర్యాదు నకలు చదివి, ఆ పెద్దమనిషి చాలా శాంతంగా, నాకు మేలు చేస్తున్న స్వరంతో ఒక సలహా ఇచ్చారు.

“ఇందులో ఒక్క వాక్యం తక్కువైందమ్మా. బ్యాగు లాగే సాకుతో పాప మీద చేయి వేశాడని ఒక్క వాక్యం చేర్చి ఇంకో అర్జీ ఇవ్వండి. పాపకు పదిహేనేళ్లే కదా, పోక్సో అవుతుంది, పిల్లల మీద లైంగిక నేరాల కేసు. రేపు సాయంత్రానికల్లా వాళ్లే మీ ఇంటికి వచ్చి రాజీ అడుగుతారు.”

మా బావగారు చెడ్డవారు కారు. నా ఉద్యోగం పోతుందేమోనన్న దిగులుతోనే ఆయనను వెంటబెట్టుకుని వచ్చారు. మా అత్తగారు కూడా “వాళ్లు తన్నావని అబద్ధం రాయలేదా అమ్మా, మనం రాస్తే తప్పేముంది” అన్నారు. నేను వెంటనే కాదనేశానని రాస్తే అది నిజం కాదు. ఆ రాత్రి పది గంటల వరకు కాదనలేదు. ఆ వాక్యాన్ని మనసులో రాసి చూసుకున్నాను కూడా. రాయడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. పట్టీ పట్టుకున్న చేయి భుజానికి ఎంత దూరంలో ఉంటుంది? రెండంగుళాలు ఉంటుందేమో. ఆ రెండంగుళాలు జరిపితే ఒక మనిషి బెయిలు కూడా తేలికగా దొరకని కేసులో జైలుకు వెళతాడు.

మా అమ్మాయి వంటింటి గడప దగ్గర నిలబడి అంతా విన్నది. అందరూ వెళ్లిపోయాక నా పక్కన కూర్చుని, “అమ్మా, ఆయన నన్ను ముట్టుకోలేదు. నన్ను అడిగితే నేను ముట్టుకోలేదనే చెబుతాను” అంది. ఆమె గొంతులో నా మీద కోపం ఉంది. ఆ కోపం న్యాయమైనది, ఎందుకంటే ఆ వాక్యాన్ని మోయవలసింది నేను కాదు, తను. పోలీసుల ముందు, ప్రత్యేక కోర్టు ముందు, ఎన్నేళ్లు పడితే అన్నేళ్లు తన నోటితో తను చెప్పవలసి వచ్చేది. నా తప్పును తేలిక చేసుకోవడానికి కన్న బిడ్డ నోట అబద్ధం పెట్టే ఆలోచన ఆ కొన్ని గంటలు నా తలలో ఉన్నందుకు నేను ఇప్పటికీ బాధపడతాను.

మరుసటి రోజు మా ఉపాధ్యాయ సంఘం వారు చెప్పిన వకీలు గారిని కలిశాను. ఆదాయంతో సంబంధం లేకుండా ఏ స్త్రీ అయినా 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఉచిత న్యాయ సహాయానికి అర్హురాలని, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవచ్చని ముందుగా ఆయనే చెప్పారు. జీతం తీసుకునే దానిని కాబట్టి నేను ఫీజు ఇస్తానన్నాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న “తోశారా లేదా?” అన్నది, రెండో ప్రశ్న “పాపను ముట్టుకున్నాడా లేదా?” అన్నది. రెండింటికీ ఉన్నది చెప్పాను. పోక్సో గురించి వచ్చిన సలహా సంగతి వినగానే ఆయన చేతిలోని కలం కింద పెట్టారు. అవమానించడానికో బెదిరించడానికో పోక్సో కింద అబద్ధపు ఫిర్యాదు ఇస్తే, ఆ చట్టంలోని 22వ సెక్షను కిందే ఇచ్చిన పెద్దవాళ్లకు శిక్ష ఉందని, అయినా శిక్ష సంగతి పక్కన పెట్టినా, నిజంగా చెయ్యి పడిన పిల్లలు రేపు అదే స్టేషన్‌కు వచ్చినప్పుడు వాళ్లను ఎవరు నమ్మాలని అడిగారు. నా తరగతిలో ముప్పై మంది పిల్లలున్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

రెండు రోజుల తర్వాత మహిళా ఏఎస్ఐ గారు మామూలు చీరలో మా ఇంటికే వచ్చి మా అమ్మాయి వాంగ్మూలం తీసుకున్నారు. నేను కూడా నా ఫిర్యాదుకు అనుబంధంగా ఒక వాక్యం అదనంగా రాసి ఇచ్చాను: ‘గార్డు చేయి మా అమ్మాయి శరీరానికి తగలలేదు.’ మా బావగారు చాలా రోజులు నాతో మాట్లాడలేదు. నా ఫిర్యాదు మీద 126(2) కింద ఇంకో కేసు నమోదైంది.

మా అమ్మాయిని ఆపే అధికారం అసలు ఆయనకు ఉందా అని వకీలు గారిని అడిగాను. సెక్యూరిటీ గార్డుకు చట్టం దృష్టిలో మామూలు పౌరుడికి ఉన్న అధికారమే ఉందట. తన కళ్ల ముందు బెయిలు ఇవ్వరాని, కాగ్నిజబుల్ నేరం జరిగితే ఏ పౌరుడైనా ఆ వ్యక్తిని పట్టుకుని, అనవసరంగా ఆలస్యం చేయకుండా, ఎంతైనా ఆరు గంటల లోపు పోలీసులకు అప్పగించవచ్చు. అలారం మోగడం నేరాన్ని కళ్లారా చూడటం కాదు. పైగా 5,000 రూపాయల లోపు విలువ గల వస్తువు దొంగతనాన్ని కొత్త చట్టం నాన్-కాగ్నిజబుల్, బెయిలు ఇవ్వదగ్గ నేరంగా మార్చింది. మా లంగా ఓణీ ధర 3,850. అంటే అది నిజంగా దొంగతనమే అయినా, గార్డు అడగవచ్చు, బిల్లు చూడవచ్చు, పోలీసులను పిలవవచ్చు; బలవంతంగా పట్టుకోవడానికి, బ్యాగు వెతకడానికి అధికారం లేదు. ఆ గార్డుకు ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. పట్టుకోకపోతే జీతం కోసేవాళ్లే ఉంటారు.

నాకు వకీలు గారు చేయించిన అన్నిటికంటే ఉపయోగమైన పని ఒకటుంది. సీసీ కెమెరాల రికార్డింగు కొద్ది రోజులకే దాని మీద కొత్తది పడి తుడిచిపెట్టుకుపోతుంది, కాబట్టి ఫలానా తేదీ, ఫలానా సమయం, ఫలానా గుమ్మం దృశ్యాలను భద్రపరచమని షాపుకు రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపి, నకలు దర్యాప్తు అధికారికి ఇచ్చి రసీదు తీసుకోమన్నారు. మూడో రోజుకే ఆ పని చేశాము. ఆ లేఖ లేకపోతే ఆ దృశ్యాలు కేసులోకి వచ్చేవి కావని నేను నమ్ముతున్నాను. అది నాకు మేలు చేస్తుందనే పంపాను. ఏం మేలు చేసిందో తర్వాత చెబుతాను.

మండల విద్యాశాఖాధికారికి నేనే ముందుగా లిఖితపూర్వకంగా తెలియజేశాను. 48 గంటలకు మించి నిర్బంధంలో ఉన్న ప్రభుత్వ ఉద్యోగిని సస్పెండ్ అయినట్టే పరిగణిస్తారు. నేను అరెస్టే కాలేదు కాబట్టి ఆ పరిస్థితి రాలేదు. కానీ పిల్లల తల్లిదండ్రుల్లో కొందరి చూపు మారింది. దాని గురించి ఎక్కువ రాయను.

నవంబరులో ఛార్జిషీటు వేశారు, డిసెంబరులో సమన్లు వచ్చాయి. పది గంటలకే జిల్లా కోర్టు ప్రాంగణానికి వెళ్లి చెట్టు కింద నిలబడ్డాము. కాల్‌వర్క్, అంటే ఆ రోజు కేసులను వరుసగా పిలవడం, మొదలైంది. బంట్రోతు వరండాలోకి వచ్చి నా పేరు మూడుసార్లు పిలిచారు. బడిలో నేను పిల్లల పేర్లు పిలిచినట్టే ఉంది, కాకపోతే “హాజరు” అనవలసింది నేను. లోపల ఒక నిమిషం కూడా పట్టలేదు. బాండు రాసిచ్చాను, ఛార్జిషీటుతో పాటు అన్ని పత్రాల నకళ్లు ఇచ్చారు, వాయిదా వేశారు. ఆ కట్టలో ఒక పెన్‌డ్రైవు కూడా ఉంది, దానికి కొత్త సాక్ష్య చట్టమైన సాక్ష్య అధినియమం సెక్షను 63 కింద ఇవ్వవలసిన ధ్రువీకరణ పత్రం జతచేసి ఉంది.

దాన్ని వకీలు గారి ఆఫీసు కంప్యూటరులో చూశాము. పైనుంచి తీసిన దృశ్యం, శబ్దం లేదు, తలలు, భుజాలు, చేతులు మాత్రమే కనిపిస్తాయి. మూల మీద గడియారం నడుస్తూ ఉంటుంది. 18:42:04కు గార్డు పట్టీ పట్టుకున్నారు. ఆయన చేయి మా అమ్మాయికి తగలలేదు. నేను వచ్చాను, బిల్లు ఊపాను. 18:42:11కు ఆయన పట్టీ వదిలేశారు. రెండు అరచేతులూ చూపిస్తూ ఒక అడుగు వెనక్కి వేశారు. 18:42:14కు నేను ముందుకు వెళ్లి ఆయనను తోశాను. తన్నడం ఎక్కడా లేదు. ఆయన పడగానే నేను నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాను.

నేను నా ఫిర్యాదులో ‘లాగుతుండగా తోశాను’ అని రాశాను. దేవుడి మీద ప్రమాణం చేయమన్నా అప్పుడు అదే చెప్పేదాన్ని. ఆయన వదిలిన సంగతి నా జ్ఞాపకంలో లేనే లేదు. మూడు సెకన్ల తర్వాత జరిగినదాన్ని నా కోపం మూడు సెకన్లు వెనక్కి తెచ్చి అతికించుకుంది. నాలుగు నెలలుగా ఆ అతుకును నిజమని నమ్ముతూ, నిజమే చెబుతున్నానన్న ధీమాతో తిరిగాను.

వకీలు గారు ఆ ముక్కను నాలుగుసార్లు చూసి, “వదలక ముందు తోసి ఉంటే ఆత్మరక్షణ హక్కు గట్టిగా చెప్పేవాళ్లం. తన బిడ్డను అక్రమంగా ఆపినవాడి నుంచి కాపాడుకునే హక్కు చట్టం ఇచ్చింది. వదిలిన తర్వాత మూడు సెకన్లకు తోశారు. అయినా వాదించవచ్చు, ఆ గందరగోళంలో వదిలాడని మీకు తెలియలేదని చెప్పవచ్చు, అది నిజం కూడా. కానీ విచారణ అంటే రెండేళ్లో మూడేళ్లో” అన్నారు. అప్పుడు నేను అడిగిన ప్రశ్న రాజీ గురించే. 115(2), 126(2) రెండూ గాయపడిన, అడ్డగించబడిన వ్యక్తి ఒప్పుకుంటే రాజీ చేసుకోదగ్గవే. రాజీ నమోదైతే అది నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. నా ఫిర్యాదు మీద నడిచే కేసులో మాత్రం అడ్డగించబడింది మైనరు కాబట్టి, ఆమె తరఫున మేము రాజీ పడటానికి కోర్టు అనుమతి కావాలి.

నోటీసు షరతు ప్రకారం నేను గార్డుతో మాట్లాడకూడదు కాబట్టి వకీలు గారే కబురు పంపారు. ఆయన ఉదయగిరి వైపు మెట్ట ఊరివారని, ఆ షాపులో పని మాన్పించారని, ఇప్పుడు మాగుంట లేఅవుట్‌లో ఒక అపార్టుమెంటు దగ్గర కాపలా ఉంటున్నారని తెలిసింది. చేయి బాగుపడే వరకు పదకొండు రోజులు పనికి వెళ్లలేకపోతే ఆ రోజుల జీతం ఎవరూ ఇవ్వలేదట. ఆయన అడిగింది ఆ జీతం, మందుల ఖర్చు, అంతే. రోజుకు 400 చొప్పున 4,400, మందులకు 1,200, మొత్తం 5,600 రూపాయలు. ఎక్కువ ఇస్తానంటే వద్దన్నారు.

2025 మార్చిలో జరిగిన జాతీయ లోక్ అదాలత్‌లో రెండు కేసులూ పెట్టారు. కోర్టు హాలంతా చిట్‌ఫండు కేసులవాళ్లు, బండి ప్రమాదాల కేసులవాళ్లు, భూమి గట్టు తగాదాలవాళ్లతో నిండిపోయింది. వరండాలో బెంచీ మీద మా వంతు కోసం కూర్చున్నప్పుడు ఆయన మా పక్కకు వచ్చి నిలబడ్డారు. ఏడు నెలల తర్వాత ఆయన ముఖం దగ్గరగా చూశాను. యాభై దాటిన మనిషి. మణికట్టుకు నల్లదారం ఉంది.

“పాప ఎట్టుంది టీచరమ్మా?” అని అడిగారు.

పరీక్షలు రాయబోతోందని చెప్పాను. తర్వాత, ఎలా చెప్పాలో తెలియక, ఆయన పట్టీ వదిలేశాక నేను తోశానని, ఆ సంగతి వీడియో చూసే వరకు నాకే తెలియదని, తప్పు నాదని చెప్పాను. ఆయన కాసేపు నేల వైపు చూశారు. “నేను కూడా ఆడబిడ్డ బ్యాగు పట్టుకోకూడదమ్మా. మోగితే వదలొద్దని మాకు చెప్పుంటారు, వదిల్తే మాకు మాట పడుద్ది” అన్నారు. మళ్లీ తనే, “తన్నారని నేను చెప్పలేదమ్మా. వాళ్లు రాసుకున్నారు. నాకు చదివి వినిపించలేదు, ఈడ పెట్టమంటే ఎడం చేత్తో వేలిముద్ర పెట్టినా” అన్నారు. మా ఇంట్లో నన్ను చేర్చమన్నట్టే, ఆయన కాగితంలో కూడా ఎవరో ఒక వాక్యం చేర్చారు. ఆయనను అడగకుండానే చేర్చారు.

మా పేర్లు పిలిచారు. జడ్జి గారు, సభ్యుడిగా కూర్చున్న న్యాయవాది మా ఇద్దరినీ విడివిడిగా, ఇష్టపూర్వకంగానే రాజీ పడుతున్నారా అని అడిగారు. మా అమ్మాయి తరఫున అనుమతి ఇచ్చారు. గుమాస్తా రాజీ పత్రం బల్ల మీద తిప్పి, సంతకం పెట్టవలసిన చోటు వేలితో చూపించారు. నేను పెట్టాను. ఆయన కలం తీసుకుని, దాన్ని కాగితం మీద ఆనించబోయి ఆగారు.

“చదవండి సార్” అన్నారు. “విని పెడతా.”

వెనుక ఇంకా ఎంతో మంది నిలబడి ఉన్నారు. గుమాస్తా విసుక్కోకుండా మొదటి నుంచి చివరి దాకా తెలుగులో చదివి వినిపించారు. అంతా విన్న తర్వాత ఆయన తల ఊపి, బాగుపడిన కుడి చేత్తో, ఒక్కో అక్షరాన్నీ విడివిడిగా, ఒత్తు దగ్గర కాస్త ఆగి, తన పేరు రాశారు.